చివరి మనిషి చేరిన వేళ

నడకకొచ్చిన వాళ్లకి ముందు నడిచే మనిషి పేరు గుర్తుంటుంది. వెనక నడిచే మనిషి పేరు ఎవరూ అడగరు. పదకొండేళ్లుగా ఎవరూ అడక్కపోవడం వల్లే ఆవిడ వెనకమ్మ అయిపోయింది. కోపమొస్తే కన్నకూతురు కూడా అదే పేరు పెట్టి పిలుస్తుంది.

పని చూడ్డానికి తేలిక. ఎర్రరాతి లోయలోకి జనాన్ని పొద్దున తీసుకెళ్లి సాయంత్రానికి తిరిగి తెచ్చే చిన్న సంస్థ అది. ముందొకరు దారి చూపిస్తారు, చివర ఒకరు నడుస్తారు. చివరి మనిషి వెనక ఇంకెవరూ మిగలకూడదు. వీపున మందుల సంచి, భుజాన వాకీటాకీ, జేబులో నల్ల అట్ట పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. గుంపు ఆగిన ప్రతిచోటా ఆ పుస్తకంలో మూడు గడులు నింపాలి: మొదటి మనిషి చేరిన వేళ, చివరి మనిషి చేరిన వేళ, గుంపు బయల్దేరిన వేళ. మొదటిది ముందున్నవాడు వాకీటాకీలో చెబుతాడు. మిగతా రెండూ ఆవిడ గడియారం చూసి రాస్తుంది. ఏడాది కాగానే పుస్తకం ఆఫీసులో ఇచ్చేసి కొత్తది తీసుకుంటుంది. ఇచ్చినదాన్ని ఎవరైనా తెరిచారా అంటే అనుమానమే.

ఈ ఏడాది నుంచి ముందు నడుస్తున్నది ఆవిడ అల్లుడే. చురుకైనవాడు, మాటకారి. జనం అతనితో ఫోటోలు దిగుతారు.

ఆ శనివారం వచ్చింది ఒక ఆఫీసు గుంపు, ఇరవై ఇద్దరు. ఆకులు రాలే కాలం. గాలి చల్లగా ఉంది కానీ ఎర్రబండలు పొద్దున్నించే వేడెక్కుతున్నాయి. అందరూ రావాల్సిందేనన్నాడట మేనేజరు. గోడకి పెట్టే ఫోటోలో ఒక్కరు తగ్గినా ఊరుకోనన్నాడట. ఆ అందరిలో టపా సెక్షను ఆవిడ కూడా ఉంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఆఫీసంతా టపా అక్క అంటారు. బయల్దేరే ముందు బూట్ల తాళ్లు బిగించుకుంటూ ఆవిడ పైకే చెప్పింది.

"నాకు మోకాలు కాస్త నొప్పి. నేను నెమ్మదిగా నడుస్తాను, ఏమనుకోకండి."

"ఏం పర్లేదు, సరదాగా నడవడానికే కదా వచ్చింది" అన్నాడు మేనేజరు, టోపీ సర్దుకుంటూ.

"మీ నడకే మా నడక ఆంటీ" అన్నాడు అల్లుడు. అని, నాలుగంగల్లో మలుపు తిరిగిపోయాడు.

తొమ్మిదీ పదికి వాకీటాకీ పలికింది. మొదటి మనిషి గొడుగుబండ దగ్గరికి చేరాడట. వెనకమ్మ నిలబడి రాసుకుంది. టపా అక్క ఒక్కో మెట్టూ చూసుకుని, మంచికాలు ముందు వేసి, రెండో కాలు దాని పక్కకి లాక్కుంటూ ఎక్కుతోంది. ఇద్దరూ గొడుగుబండ చేరేసరికి తొమ్మిదీ ఇరవై ఎనిమిది. బండ కింద చల్లటి నీడలో జనం కాళ్లు చాపుకుని కూర్చున్నారు. కమలాపళ్ల తొక్కలు, నవ్వులు, సగం ఖాళీ అయిన నీళ్ల సీసాలు. టపా అక్క నీడలోకి ఒక అడుగు పెట్టిందో లేదో అల్లుడు లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"హమ్మయ్య, అందరం వచ్చేశాం. పదండి పదండి."

విజిల్ వేశాడు. తొమ్మిదీ ఇరవై తొమ్మిది. వెనకమ్మ రాసింది.

పదకొండేళ్లుగా ఇదే వరస. ముందు చేరినవాడు పద్దెనిమిది నిమిషాలు కూర్చుంటాడు. చివర చేరినవాడికి నిమిషం. ఎవరు ఎక్కువ అలిసిపోయారో వాళ్లకే నీడ లేదు. పైగా వాళ్లకోసం ఆగామని అందరూ అనుకుంటారు. వాళ్లు కూడా అదే అనుకుని సిగ్గుపడతారు. ఇందులో అన్యాయం ఉందని ఎవరికీ తోచదు, ఎందుకంటే ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు కదా.

రెండోచోట మరీ ఘోరం. ఆవిడ కనపడగానే కుర్రవాళ్లు చప్పట్లు కొట్టారు. మెచ్చుకోలుగానే కొట్టారు, కానీ కొడుతూనే లేచారు. టపా అక్క భుజం మీది సంచి కిందకి కూడా దించలేదు.

"నావల్ల ఆలస్యమైపోతోంది, సారీ" అంది అందరికీ వినపడేలా. తర్వాత దారిలో వెనకమ్మతో నవ్వుతూ అంది, "మా సెక్షనులోనూ ఇంతేనమ్మా. పొద్దున్నించీ కాగితం వాళ్ల బల్లల మీద పడుంటుంది. గేటు మూసే ముందు తెచ్చి నా మొహాన పడేస్తారు. ఆలస్యం మాత్రం టపాది."

వెనకమ్మకి నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. పుస్తకంలో మూడు గడులూ నింపింది: మొదటి మనిషి పదీ ఇరవై, చివరి మనిషి పదీ నలభై ఆరు, బయల్దేరింది పదీ నలభై ఆరు.

మూడోచోటు నీటిగుంట. బండల మధ్య వాననీళ్లు నిలిచిన చిన్న గుంట, చుట్టూ ఎర్రమట్టి, దానిమీద పసుపుపచ్చటి ఆకులు. ఇక్కడ టపా అక్క ఎవరినీ అడక్కుండా ఒక రాయి మీద కూర్చుంది. వంగి బూటు తాడు వదులు చేసుకుంటోంది. విజిల్ మోగింది. గుంపు కదిలింది. అల్లుడు మలుపు దగ్గర ఆగి అత్తగారికేసి చూశాడు, చేత్తో 'రండి' అని సైగ చేశాడు.

పదకొండేళ్ల అలవాటు. వెనకమ్మ చెయ్యి దానంతటదే ముందుకి వెళ్లింది.

"లేవండమ్మా. పైన ఇంకా మంచి నీడుంది, అక్కడ కూర్చుందాం."

పైన నీడ లేదు. పైన ఉన్నది బోడిబండ. ఆ సంగతి వెనకమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. టపా అక్క ఆ చెయ్యి పట్టుకుని లేచింది. ఇరవై నిమిషాల తర్వాత, దిగుడులో మూడో మెట్టు దగ్గర, ఆవిడ మోకాలు ఒక్కసారి గడగడా ఆడింది. కేక కూడా వేయలేదు. కూలబడిపోయింది. పాదం ఎటు తిరక్కూడదో అటు తిరిగిపోయింది.

ఒక్కమాట చెప్పుకోవాలి. అల్లుడు పరుగున వెనక్కొచ్చాడు. సంచిలోంచి గుడ్డ స్ట్రెచరు తీశాడు, కాలు కట్టాడు, రెండు గంటలసేపు ముందు కొస పట్టుకుని మోశాడు. మిగతావాళ్లు చేతులు మార్చుకున్నారు, అతను మార్చుకోలేదు. చెడ్డవాడైతే గొడవే ఉండేది కాదు.

సోమవారం పొద్దున యజమాని పిలిచాడు. బల్లమీద టైపు చేసిన కాగితం ఉంది. వెనకమ్మ నిలబడే చదివింది. సదరు ఉద్యోగిని మోకాలి నొప్పి సంగతి దాచిపెట్టి నడకకు వచ్చినదనీ, ఆగిన ప్రతిచోటా ఆమెకు అందరితోపాటు తగినంత విశ్రాంతి ఇవ్వడమైనదనీ ఉంది. కింద రెండు సంతకాలకి చోటు. ఒకదాంట్లో అల్లుడి సంతకం అప్పటికే ఉంది.

"దాచలేదండీ. మేనేజరు గారి ముందే చెప్పింది" అంది వెనకమ్మ.

"మేనేజరు గారికి గుర్తులేదట. ఆయన ఆఫీసు వాళ్లు ఏడాదికి నాలుగుసార్లు వస్తారు మనదగ్గరికి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు చెప్పు? నువ్వూ ఎన్నాళ్లు వెనకే నడుస్తావు? వచ్చే నెలనుంచి ఆడవాళ్ల గుంపులకి నిన్నే ముందు పెడదామనుకుంటున్నాను."

ముందు నడవాలని ఆవిడకి లేకపోలేదు. నాలుగేళ్ల కిందట తనే అడిగింది. అప్పుడు నవ్వాడు ఈయన.

"విశ్రాంతి సంగతి నా పుస్తకాల్లో ఉంటుంది కదండీ. అవి చూసి రాయించారా?"

"ఏ పుస్తకాలు?"

వెనకమ్మ గదంతా చూసింది. మూల ప్రింటరు కాస్త ఎత్తుగా ఉంది. దాని కింద నల్ల అట్టలు, ఒకదానిమీద ఒకటి, పది. ఎండల్లో వానల్లో నిలబడి నిమిషం తేడా లేకుండా రాసినవి ప్రింటరుకి పీటలయ్యాయి. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. టైపు కాగితం మడిచి, ఈ ఏడాది పుస్తకంతోపాటు జేబులో పెట్టుకుంది.

"రేపటికల్లా సంతకం పెట్టి తే" అన్నాడు యజమాని వెనకనించి.

ఇంట్లో కూతురు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అల్లుడు అన్నం తింటున్నాడు, తల ఎత్తకుండా. విషయం అప్పటికే ఇంటికొచ్చేసినట్టుంది.

"సంతకం పెట్టెయ్యరాదూ" అంది కూతురు. "ఆయన గైడు బ్యాడ్జీ వచ్చి ఏడాది కాలేదు. ఏదైనా రాతలోకెళితే అటవీ ఆఫీసు వాళ్లు లాక్కుంటారు. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందమ్మా."

"ఆవిడ కాలు విరిగిందే."

"పాపమే, కాదనను. అయినా ప్రతిచోటా అందరితోపాటు ఇరవై నిమిషాలు కూర్చుందట కదా. అంతకన్నా ఏం చేస్తారు ఎవరైనా?"

వెనకమ్మ అల్లుడికేసి చూసింది. అతను మజ్జిగ గ్లాసు అందుకున్నాడు. అతన్ని అనబోతే, టపా అక్కని లేపిన తన చెయ్యి గుర్తొచ్చింది.

మంగళవారం పొద్దున ఆఫీసుకి వెళ్లకుండా టపా అక్క ఇంటికి వెళ్లింది. రెండంతస్తుల పైన రెండు గదులు. కాలు తెల్లటి కట్టుతో స్టూలు మీద ఉంది. పక్కన బల్లమీద మాత్రలు, కళ్లజోడు, మూత తీసిన పెన్ను, ఒక కాగితం.

"రండి రండి. మీరే తోడుగా నడిచారు ఆ రోజంతా, మీకు సరిగ్గా థాంక్స్ చెప్పనే లేదు. నావల్ల మీ అందరికీ ఎంత ఇబ్బంది" అంది టపా అక్క, లేవబోతూ.

వెనకమ్మకి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కాలు విరిగిన మనిషి క్షమాపణ చెబుతోంది.

"ఆ కాగితం ఏమిటండీ?"

"మేనేజరు గారు పంపారు. నొప్పి దాచానని రాసివ్వమన్నారు. అలా రాస్తే ఆస్పత్రి ఖర్చు నాదే. సెలవు కూడా ఉండదు. ఇంకా రెండేళ్ల సర్వీసుంది నాకు, కాలు బాగాలేదని ముందే ఇంటికి పంపినా పంపుతారు." కాగితం పక్కకి నెట్టి అంది, "కాదందామనుకున్నాను. కానీ వెనక నడిచినావిడ కూడా అలాగే రాసిచ్చేసింది, ఇంక నీ మాట ఎవరు నమ్ముతారు అన్నారు."

"నేనా?"

"మీరు సంతకం పెట్టేశారట కదా."

వెనకమ్మ జేబులోంచి టైపు కాగితం తీసి విప్పి చూపించింది. రెండో సంతకం చోటు ఖాళీగా ఉంది. తర్వాత నల్ల పుస్తకం తెరిచి చదివింది, మూడు చోట్లూ, తొమ్మిది వేళలూ. వేలు కింద పెట్టి మరీ చదివింది. టపా అక్క కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తన ఒళ్లోకి తీసుకుంది.

"ఇవన్నీ రాసుకున్నారా? నేను కూర్చోలేదని ఎవరూ చూడలేదనుకున్నాను."

"మూడోచోట కూర్చున్నారు. లేపింది నేను. పైన నీడుందని చెప్పాను. లేదు."

"తెలుసు. ఎక్కాక చూశానుగా."

పర్వాలేదులెండి అని టపా అక్క అనలేదు. అంటుందని వెనకమ్మ కూడా ఆశించలేదు.

"జరిగింది జరిగినట్టు రాసిస్తే, ఆ మాట కూడా రాస్తారా?" అంది చివరికి టపా అక్క.

"రాస్తాను."

"అయితే ఆ తెల్లకాగితాలు ఇలా అందుకోండి."

అక్కడినించి ఆవిడ గొంతే మారిపోయింది. రెండోచోట సారీ చెప్పిన మనిషేనా అనిపించేలా, తేదీ కుడివైపు వేయించింది, మార్జిను వదిలించింది, ఒక్కో వేళా ఒక్కో వరసలో రాయించింది. 'చాలా బాధ కలిగింది' అని వెనకమ్మ రాయబోతే వద్దంది. "బాధ రాస్తే వాళ్లు సముదాయిస్తారు. టైము రాయండి, దానికి జవాబు చెప్పాలి."

రాత పూర్తయ్యాక టపా అక్క అడిగింది, "దీన్ని ఏం చేద్దామనుకుంటున్నారు?"

"మా సారు చేతికిస్తాను."

"చేతికిస్తే సొరుగులోకి పోతుంది. ముప్పై నాలుగేళ్లుగా చూస్తున్నాను కాగితాలు ఎలా పోతాయో. రిజిస్టరు పోస్టులో వెళ్లాలి. ఆఫీసు లోపలికొచ్చిన కవరుకి నంబరు వేయక తప్పదు, నంబరు పడ్డాక అది రాలేదనడానికి లేదు. మూడు కాపీలు రాయండి. ఒక్కోదాని అడుగున మిగతా రెండూ ఎవరికి వెళుతున్నాయో స్పష్టంగా రాయండి. అన్నిటికన్నా ముఖ్యం అదే. ఒకడు దాచాలనుకుంటే, ఇంకొకడి దగ్గర కూడా ఉందని వాడికి తెలియాలి."

"మూడు ఎవరికి?"

"మీ సారుకి, మా మేనేజరుకి. మూడోది లోయలోకి వెళ్లడానికి పర్మిషనిచ్చే అటవీ ఆఫీసుకి."

వెనకమ్మ పెన్ను బల్లమీద పెట్టి కిటికీలోంచి చూసింది. కింద వీధిలో ఒకడు సైకిలుకి గాలి కొడుతున్నాడు. అల్లుడి బ్యాడ్జీ, కూతురి మొహం, యజమాని ఇస్తానన్న ముందు చోటు, అన్నీ ఆ మూడో కవరులోనే ఉన్నాయి.

"ముందు నడిచినబ్బాయి మీ అల్లుడట కదా" అంది టపా అక్క మెల్లగా. "నన్ను మోసింది కూడా అతనే. రెండే పంపుదామంటే నేనేమీ అనుకోను."

"రెండే పంపితే ఏమవుతుంది?"

"ఏమవుతుంది. వాళ్లిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటారు."

వెనకమ్మ మూడోది రాసింది. రాస్తున్నంతసేపూ అక్షరాలు కాస్త వంకర పోయాయి. టపా అక్క మేనేజరు పంపిన కాగితం తీసుకుంది. దాచానన్న వాక్యం కొట్టేసి, 'బయల్దేరే ముందు తమరి ఎదుటే చెప్పాను, పర్వాలేదన్నారు' అని పైన రాసి సంతకం పెట్టింది. అదీ అదే పోస్టులో పంపమంది. వెనకమ్మ పోస్టాఫీసులో వరసలో నిలబడి అన్నిటికీ రసీదులు తీసుకుంది. బయటికొచ్చి యజమానికి తనే ఫోన్ చేసింది. ఎవరికి ఏం పంపిందో, అందులో ఏం రాసిందో, అంతా చెప్పింది. అంతా విన్నాక, రేపటినుంచి రావొద్దన్నాడు.

పొద్దు వాలే వేళకి ఇల్లు చేరింది. అల్లుడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, బూట్లు కూడా విప్పలేదు. కూతురు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"అయిందా నీ పని?" అంది.

వెనకమ్మ చెప్పులు విప్పి లోపలికొచ్చింది. అల్లుడు ఆవిడవైపు చూడకుండా మాట్లాడాడు.

"నాతో ఒక్కమాట అనొచ్చు కదా అత్తయ్యా. అడిగితే నేనే రాసేవాణ్ని."

"నీకు మూడు రోజులు టైముంది. అడక్కుండా రాయొద్దని నేను అన్నానా?"

అతను అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి, "సారు ఫోన్ చేసి అంతా చెప్పారు నాకు. మూడోచోట ఆవిణ్ని లేపింది మీరని రాసుకున్నారట. ఎందుకలా? విజిల్ వేసింది నేను. రమ్మని సైగ చేసింది నేను. మీమీద వేసుకుంటే నన్ను వదిలేస్తారనా?"

"నిన్ను వదలాలని కాదు బాబూ. విజిల్ నీదే. లేపిన చెయ్యి నాది. నాది నేను రాసుకున్నాను."

కూతురు గుమ్మం దగ్గర్నించి కదిలింది.

"లేపడమేమిటి?" అంది. "ఇరవై నిమిషాలు కూర్చుందన్నారు కదా."

మొగుడివైపు తిరిగింది.

"మిమ్మల్నే. ప్రతిచోటా అందరితోపాటే కూర్చుందని నాతో చెప్పారు మీరు. నేను మా అమ్మతో రెండు రోజులుగా అదే పోట్లాడుతున్నాను. ఎంతసేపు కూర్చుంది?"

అల్లుడు వంగి బూటు తాడు పట్టుకున్నాడు. విప్పలేదు. "ఒక నిమిషం" అన్నాడు. "ఒకచోట అదీ లేదు."

కూతురు అతన్ని కాసేపు అలాగే చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. లోపలి గదిలోకి వెళ్లింది. అలమారు తలుపు చప్పుడైంది. తిరిగొచ్చి, మొగుడి ముందున్న బల్ల మీద ఒక తెల్లకాగితం పెట్టింది, దానిమీద పెన్ను పెట్టింది.

"మీది మీరు రాయండి" అంది. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.